రిసార్ట్ మెంబర్‌షిప్ తీసుకోవచ్చా? 2018లో తీసుకున్నవాడిగా నా అనుభవం

కడపలో ఉంటామని, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేస్తామని, బడికెళ్లే పిల్లలు ఇద్దరని రాశారు. పాతికేళ్ల హాలిడే మెంబర్‌షిప్, అంటే ముందే డబ్బు కట్టేస్తే ఏటా కొన్ని రాత్రులు వాళ్ల రిసార్టుల్లో ఉండనిచ్చేది, నాలుగున్నర లక్షలంట, ఆదివారంలోగా సరే అంటే యాభై వేలు తగ్గిస్తారంట, తీసుకోవచ్చా అని మీ ప్రశ్న.

నేను అనంతపురంలో గవర్నమెంటు హైస్కూల్లో లెక్కల టీచర్ని. 2018 డిసెంబరులో ఇలాంటిదే తీసుకున్నా. మీరు చెప్పిన పరిస్థితిలో అయితే వద్దనే అంటా. కానీ ఉత్త వద్దు పట్టుకొని ఆదివారం పోతే వాళ్ల ముందు పది నిమిషాలు కూడా నిలవదు. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా.

మాకు పెట్రోలు బంకులో మొదలైంది. కూపన్ నింపి డబ్బాలో వేయమన్నారు, వేశాం. వారం తిరక్కుండానే ఫోను. "సార్, మీకు గిఫ్ట్ తగిలింది, మేడంని కూడా పిలుచుకొని రావాల." నేనొక్కణ్ణే వస్తానంటే కుదరదన్నారు. అక్కడే నాకు అనుమానం రావాల్సింది. ఇద్దర్నీ ఎందుకు రమ్మంటారంటే, "ఇంట్లో అడిగి చెప్తా" అనే మాట మనకు మిగలకుండా చేయడానికి.

హోటల్ మీది అంతస్తులో హాలు. గుండ్రటి బల్లలు, బల్లకొక జంట, జంటకొక కుర్రాడు. పాటలు ఎంత గట్టిగా పెట్టారంటే, పక్క బల్లమీదివాళ్లు ఏం అడుగుతున్నారో మనకు వినపడదు. ఎవరైనా సంతకం పెట్టగానే మైకులో పేరు చెప్పి చప్పట్లు. మా కుర్రాడు మంచివాడే, టీ తెప్పించాడు, పిల్ల ఏం చదువుతోందని అడిగాడు. తర్వాత ఒక తెల్లకాగితం తీసుకొని నీలం బాల్‌పెన్నుతో లెక్క వేశాడు. ఆ కాగితం ఇప్పటికీ మా బీరువాలో ఉంది. పైన 25 × 7 = 175, అంటే పాతికేళ్లు, ఏడాదికి ఏడు రాత్రులు. దాని కింద, హోటల్ గది రాత్రికి ఎనిమిది వేలనుకొని, 175 × 8,000 = 14,00,000. ఆ అంకె కింద రెండు గీతలు. "పద్నాలుగు లక్షల హోటల్ ఖర్చు సార్, మీరు కట్టేది మూడు లక్షల నలభై వేలు." గుణకారంలో తప్పేమీ లేదు. ఇరవై ఏళ్లుగా పిల్లల లెక్కలు దిద్దేవాణ్ణి, ఉన్న అంకెలు సరిచూసుకొని తల ఊపాను. కాగితం మీద లేని అంకెల సంగతి తట్టలేదు.

మొదట లేనిది జీఎస్టీ. 18 శాతం, అంటే 61,200. మొత్తం 4,01,200 అయింది. మా ఆవిడ చీటీ ఎత్తిన డబ్బులు, నా దగ్గరున్నవి కలిపి కట్టేశాం. మీరు ఈఎంఐ అనుకుంటుంటే దాని వడ్డీ కూడా కలుపుకోండి. వాయిదా తప్పితే గది బుక్ కాదనే షరతు ఉందేమో కూడా చూసుకోండి.

రెండోది వార్షిక ఫీజు. వాళ్లు దీన్ని "చిన్న మెయింటెనెన్స్" అంటారు. మీరు ఒక్కరాత్రి కూడా వాడకపోయినా ప్రతి సంవత్సరం కట్టాల్సిందే, ప్రతి సంవత్సరం పెరుగుతుంది కూడా. నాకు 2019లో 15,000 ఉండింది, 2025కి 21,300 అయింది. దానిమీద మళ్లీ 18 శాతం, అంటే 25,134. రిసార్టులన్నీ మూతపడిన 2020లో కూడా కట్టా. రాత్రుల్ని ముందుకు జరిపామన్నారు, జరిపినవాటికి గడువు పెట్టారు, ఆ గడువు దాటిపోయింది.

ఇక నా లెక్క. ఆ 4,01,200 బ్యాంకులో ఏడు శాతానికి వేసుకుంటే ఏడాదికి 28 వేలు వడ్డీ. దానికి ఈ ఏటి ఫీజు 25 వేలు కలిపితే 53 వేలు. ఏడు రాత్రులకు పంచితే రాత్రికి 7,600. ఎఫ్‌డీ అయితే పాతికేళ్ల తర్వాత అసలు మనదే, మెంబర్‌షిప్ అయితే సున్నా. అది నేను ఈ లెక్కలో కలపనే లేదు. పైగా ఇది ఏడుకు ఏడు రాత్రులూ వాడినవాడి లెక్క. నాకు ఏడేళ్లలో 49 రాత్రులు వచ్చాయి, వాడింది 23. వడ్డీని పక్కనపెట్టి, కొన్న ధరను పాతికేళ్లకు పంచి, ఏడేళ్ల ఫీజులు కలిపి చూసినా రాత్రికి 11,300 పడింది. తిండి ఖర్చు వేరే.

తిండి అన్నాను కదా, అదొక ముచ్చట. కొండమీద రిసార్టు, చుట్టుపక్కల హోటల్ లేదు, లోపల బఫేనే దిక్కు. నలుగురం రెండు పూటలు తింటే మా ఊళ్లో వారం సరుకులొస్తాయి. రెండో ట్రిప్పు నుంచి మా అమ్మ జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి మూటకట్టుకొని బయల్దేరేది. ఉగ్గాని, బజ్జీ దొరకని చోటుకు సెలవులకెందుకు పోతారబ్బా అని ఆమె వాదన.

ఇప్పుడు అసలు సంగతి, మీ ఇంటికి సూటిగా తగిలేది. ఇలాంటి స్కీముల్లో సంవత్సరాన్ని సీజన్ల కింద ముక్కలు చేసి, ముక్కకొక రంగు పెడతారు. ఎండాకాలం సెలవులు, దసరా, డిసెంబరు ఆఖరు, ఇవన్నీ ఖరీదైన రంగు. మనకు తక్కువకు ఇస్తామనేది మధ్య రంగో కింది రంగో. నేను తీసుకున్నది మధ్యది. బళ్లు మూసేది ఏప్రిల్ చివర, తెరిచేది జూన్ రెండో వారం. ఆ మధ్యలోనే దేశంలో పిల్లలున్న ప్రతి ఇంటికీ ఊటీ కావాలి. నా రంగుకు ఆ రోజులు లేవు, ఉన్నా బుకింగ్ తెరిచిన కాసేపటికే అయిపోతాయి. "అప్‌గ్రేడ్ చేసుకోండి సార్, లక్షా పదివేలే" అని ఫోను. రంగు మార్చుకోవడానికి ఇంకో లక్ష కట్టమనే బేరం మా తాతల కాలం నుంచి నేను వినలేదు.

దూరం కూడా చూడండి. నాకు చూపించిన మ్యాపులో మన సీమలో ఒక్క చుక్క లేదు. అనంతపురం నుంచి బెంగళూరు 210 కిలోమీటర్లు, అక్కడి నుంచి కర్ణాటక కొండల్లోని మడికేరి ఇంకో 260. పిల్లలతో పోయే ఒక రోజు, వచ్చే ఒక రోజు దారికే సరి. రెండు రాత్రుల కోసం అంత దూరం పోబుద్ధి కాదు, ఏడు రాత్రులు ఒకేసారి సెలవు దొరకదు.

మంచి కూడా చెప్పాలి కదా. 2022లో పరీక్షలు ఆలస్యమై బళ్లు జూలై 5న తెరిచారు. ఆ ఒక్క ఏడాది మాత్రం మా సెలవులూ, నా చవక రంగూ కలిశాయి. జూన్ చివరి వారంలో మడికేరిలో నాలుగు రాత్రులు. పోయిన రోజు నుంచి ఒకటే వాన. జలపాతం దగ్గర పిల్లల కాళ్లకు జలగలు పట్టాయి, టూరిజం అంతా అక్కడికే సరి. మా అమ్మ మాత్రం బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని, కొంగు భుజాల చుట్టూ కప్పుకొని, మధ్యాహ్నం మూడు గంటలు ఆ వానను చూస్తా కూర్చుంది. టీ ఇస్తే చల్లారిపోయింది. "దీంట్లో సగం మన శెనక్కాయ చేన్లో పడింటే ఎంత బాగుండు నాయనా" అనింది ఒక్కసారి, అంతే. మన అనంతపురంలో ఏడాదంతా కురిసేది 550 మిల్లీమీటర్ల చిల్లర, అక్కడ జూలై ఒక్క నెలలోనే అంతకు మించి పడుతుంది. వానాకాలంలో పోయేవాళ్లుండరని దాన్ని చవక రంగులో పెట్టారు, మనకేమో వానే చూడాల్సిన వింత. మళ్లీ అట్లాంటి సెలవు రాలేదు.

కాబట్టి ఎవరికి గిట్టుబాటు అంటే, రోజులు తమ చేతిలో ఉన్నవాళ్లకు. తాడిపత్రిలో నా స్నేహితుడొకడు గ్రానైట్ వ్యాపారం చేస్తాడు. మంగళవారం అనుకొని బుధవారం బయల్దేరతాడు, ఖాళీ సీజన్లో పోతాడు, ప్రతి రాత్రీ వాడుకుంటాడు, నాలుగు నెలల ముందే క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకుంటాడు. వాణ్ణి అడిగితే తీసుకోమనే అంటాడు, అబద్ధం కాదు. రిటైరై ఓపికున్న దంపతులకు కూడా పనికొస్తుందేమో. బడిపిల్లలుండి ఇద్దరూ ఉద్యోగాలు చేసేవాళ్లకు రోజులు దొరికేది జనమంతా బయల్దేరే వారాల్లోనే.

విదేశాల మాట కూడా ఎత్తుతారు. ఆర్‌సీఐ అని 1974లో అమెరికాలో మొదలైన ఎక్స్చేంజ్ కంపెనీ ఒకటుంది, మన వారం అక్కడ జమ వేసి వేరే దేశంలో వారం తీసుకునే పద్ధతి. అది నిజమే. కానీ ఎక్స్చేంజికి విడిగా ఫీజు, మీరిచ్చే వారం గిరాకీ ఉన్నదైతేనే అవతల మంచిది దొరికేది, విమానం టికెట్లు ఎట్లాగూ మనవే. నేను ఆ జోలికి పోలేదు.

ఇంకో మాట జాగ్రత్తగా వినండి. "వాడని రాత్రులకు డబ్బు వెనక్కిస్తాం, ఇన్ని శాతం పెరుగుతుంది" అని ఎవరైనా అంటే అక్కడితో లేచి వచ్చేయండి. అది సెలవుల మెంబర్‌షిప్ కాదు, డిపాజిట్ వసూలు. హోటల్ రాత్రుల పేరు మీద పాన్‌కార్డ్ క్లబ్స్ అనే సంస్థ 50 లక్షల మందికి పైగా జనం దగ్గర 7,000 కోట్లకు పైగా పోగుచేసింది, 2014లో పెట్టుబడుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ సెబీ ఇక వసూలు చేయొద్దని ఆదేశించింది. మీకు చెప్పింది అట్లాంటిది కాకపోవచ్చు, కానీ అమ్మేవాడి నోటెంట "రిటర్న్" అనే మాట వచ్చిందా లేదా గమనించండి.

ఒకవేళ ఇప్పటికే అడ్వాన్సు కట్టి ఉంటే, ఈ రాత్రికే అగ్రిమెంటు తీసి రద్దు గడువు ఎక్కడ రాశారో వెతకండి. నాదాంట్లో సంతకం పెట్టిన రోజు నుంచి పది రోజులు ఉండింది. నాకు ఆ అగ్రిమెంటు పుస్తకం కొరియర్‌లో చేరింది పన్నెండో రోజు! గడువు లోపల ఉంటే ఫోన్ చేసి చెప్పి ఊరుకోవద్దు. మెయిల్ పెట్టండి, స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపి రసీదు దాచుకోండి. ఫోన్ చేస్తే "మా మేనేజర్ మాట్లాడతారు సార్" అంటూ మిగిలిన రోజులు గడిపేస్తారు. గడువు దాటినా, నోటితో చెప్పినదానికీ కాగితానికీ పొంతన లేకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించొచ్చు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్లోనే, కడపలోనే, కేసు వేయొచ్చు. అవతలి ఆఫీసు ముంబైలో ఉందా చెన్నైలో ఉందా అనేది అడ్డం కాదు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు, రెండేళ్ల లోపల వేయాలి. నేను వేయలేదు. కాగితంలో అన్నీ రాసే ఉన్నాయి, చదవకుండా సంతకం పెట్టింది నేను.

అయినా ఆదివారం పోతానంటే, పోండి, టీ తాగి రండి. ఏటీఎం కార్డు, చెక్కుబుక్కు ఇంట్లో పెట్టి పోండి. ఫోన్లో డబ్బులు పంపే యాప్ సంగతి కూడా ఆలోచించుకోండి. "మే రెండో వారంలో ఊటీలో రెండు రాత్రులు, మీరు నాకిచ్చే రంగులోనే, ఇప్పుడే మీ కంప్యూటర్లో బుక్ చేసి చూపించండి" అని అడగండి. గడిచిన ఐదేళ్ల వార్షిక ఫీజులు ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. నేను అమ్ముకోవాలంటే బదిలీ ఫీజు ఎంత, మీరే వెనక్కి కొంటారా అని అడగండి. ఆ ఆదివారం తగ్గింపు గురించి కంగారు పడొద్దు. నేను సంతకం పెట్టిన నెలకు, అదే మెంబర్‌షిప్ మా కొలీగ్‌కు నాకంటే ఇరవై వేలు తక్కువకు చెప్పారు.

మాకు ఇచ్చిన గిఫ్ట్ ఏమైందని అడుగుతారేమో. మూడు పగళ్లు రెండు రాత్రుల గోవా వోచరు. పండగలు, శని ఆదివారాలు పనికిరాదు, పన్ను మనమే కట్టాలి. అదీ ఆ బీరువాలోనే ఉంది, ఆ కాగితం పక్కన.

ఇప్పుడు నాది అమ్మకానికి పెట్టి పద్నాలుగు నెలలైంది. మొదట రెండు లక్షలన్నా, తర్వాత లక్షకే ఇస్తానన్నా, పద్దెనిమిదేళ్లు మిగిలే ఉంది. ఇద్దరు ఫోన్ చేశారు. ఇద్దరూ వార్షిక ఫీజు ఎంత అని అడిగి పెట్టేశారు.