గడ్డకట్టిన ఇన్సులిన్‌ను మళ్లీ వాడొద్దు

ప్రశ్న: మాది కడప జిల్లా పులివెందుల దగ్గర ఒక పల్లె. మొన్నటి గాలివానకు స్తంభాలు పడిపోయి రెండు రాత్రులు కరెంటు లేదు. మా అమ్మకు 66 ఏళ్లు, షుగరు ఉంది. రోజూ పొద్దున, రాత్రి మిక్స్‌డ్ ఇన్సులిన్ వేస్తాం. ఫ్రిజ్ ఆగిపోయేసరికి మందు పాడవుతుందని భయపడి, జనరేటరున్న కూల్‌డ్రింకుల అంగడిలో ఫ్రీజర్‌లో పెట్టించాం. తెల్లారి చూస్తే గడ్డకట్టింది. కరిగించి అదే వేస్తున్నాం. పరగడుపున షుగరు 280 చూపిస్తోంది. రెండు యూనిట్లు పెంచినా తగ్గలేదు. నాయనకు ఉబ్బసం. నెబులైజర్ ఆడక రాత్రంతా కూర్చునే ఉన్నాడు. మళ్లీ ఇట్లయితే ఏం చేయాలి?
- ఒక పాఠకుడు

జవాబు: ఆ సీసాను ఈరోజే పక్కన పడేయండి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక పైకి బాగానే కనిపించినా, దాని బలాన్ని ఇక నమ్మలేం. మీ అమ్మగారి షుగరు 280కి పోవడానికి అదే కారణం కావచ్చు. ఎండదెబ్బకు ఒంట్లో నీరు తగ్గినా షుగరు పెరుగుతుంది.

కొత్త సీసా మొదలుపెట్టినప్పుడు మీరు పెంచిన రెండు యూనిట్లు కలపకండి. డాక్టర్ రాసిచ్చిన పాత మోతాదే వేయండి. బలం తగ్గిన మందుకు పెంచిన లెక్కను బలమున్న మందుకు వాడితే షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు. మూడు రోజులు పరగడుపున, రాత్రి భోజనానికి ముందు, పడుకునేటప్పుడు చూసి రాసుకోండి. ఆ కాగితంతో మీ డాక్టర్‌ను కలవండి. ఈలోగా షుగరు 300 దాటి తగ్గకపోయినా, వాంతులైనా, మనిషి మత్తుగా ఉన్నా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మీరు భయపడినట్టు రెండు రోజులు ఫ్రిజ్ లేకపోతే ఇన్సులిన్ పాడైపోదు. వాడుతున్న సీసా 25-30 డిగ్రీలు దాటని చోట ఉంటే చాలా రకాలు 4 వారాల వరకు పనిచేస్తాయి. మీది ఎన్ని రోజులో పెట్టెలోని కాగితం మీద ఉంటుంది. తెరవని సీసాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య పెట్టాలి. అవి బయటికొస్తే, వచ్చిన తేదీని సీసా మీద రాసి, ఆ రోజు నుంచి వాడుతున్న సీసాగానే లెక్కపెట్టుకోండి. వేడికి మెల్లగా బలం తగ్గుతుంది, గడ్డకడితే ఒక్క రాత్రికే చెడుతుంది. అందుకే ఫ్రీజర్ వైపు అసలు పోవద్దు.

మన వైపు మే నెలలో రేకుల ఇంట్లో 30 డిగ్రీలు ఎక్కడ ఉంటుందని మీరు అడగొచ్చు. నిజమే. దానికి మట్టికుండ ఉంది. పెద్ద కుండలో చిన్న కుండ పెట్టి, మధ్య సందులో ఇసుక పోసి తడుపుతూ ఉండండి. సీసాను మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి లోపలి కుండలో ఉంచండి. తడిగుడ్డ కప్పి, గాలి తగిలే నీడలో పెట్టండి. పొడి ఎండల్లో ఇది బాగా చల్లబరుస్తుంది. వాన పడి గాలిలో తేమ ఉన్న రోజు అంతగా పనిచేయదు కానీ, ఆ రోజు ఎండా తక్కువే ఉంటుంది. మిక్స్‌డ్ ఇన్సులిన్‌ను అరచేతుల మధ్య దొర్లిస్తే అంతా ఒకేలా పాలలా కావాలి. పలుకులు కనిపించినా, గాజుకు తెల్లగా అంటుకున్నా వేయొద్దు.

కరెంటు లేని రాత్రి నన్ను ఎక్కువ భయపెట్టేది ఇంకొకటి ఉంది. అందరికీ చెమటలు పడుతుంటాయి కాబట్టి అమ్మకు పట్టే చెమటను ఎవరూ పట్టించుకోరు. అది షుగరు పడిపోవడం కావచ్చు. వేడికి ఇన్సులిన్ ఒంట్లోకి త్వరగా ఎక్కుతుంది. పైగా ఆ చీకట్లో సరిగా వండుకోక, సగం తిని పడుకుంటారు. చేతులు వణుకుతున్నా, మాట తడబడినా, తెలివి తప్పకుండా మింగగలిగితే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. పావుగంట తర్వాత మళ్లీ షుగరు చూడండి. తగ్గే ఉంటే ఇంకోసారి ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. టార్చి, గ్లూకోమీటర్, చక్కెర ఆమె మంచం పక్కనే ఉండాలి.

నాయన విషయంలో నెబులైజర్ మీదే ఆధారపడకండి. స్పేసర్ గొట్టంతో వాడే ఇన్‌హేలర్ చాలామందికి అంతే బాగా పనిచేస్తుంది, దానికి కరెంటు అక్కర్లేదు. ఆయాసం వచ్చినప్పుడు ఎన్ని పఫ్‌లు వేయాలో డాక్టర్‌తో ఇప్పుడే కాగితం మీద రాయించుకోండి. ఫ్యాను ఆగితే దోమలకని వేపాకు పొగ వేస్తాం, కాయిల్ వెలిగిస్తాం. ఉబ్బసం ఉన్న ఇంట్లో ఆ రెండూ వద్దు, దోమతెర కట్టండి. ఒక వాక్యం పూర్తిగా పలకలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా ఇంట్లో ఉంచొద్దు. జనరేటర్ తెచ్చుకుంటే వరండాలో కూడా పెట్టొద్దు, ఇంటికి దూరంగా ఉండాలి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, చెయ్యేరు ఒడ్డు ఊళ్లను నీళ్లు ముంచెత్తాయి. అలాంటప్పుడు మందులు వెతుక్కునే సమయం ఉండదు. అమ్మకు, నాయనకు రెండు వారాల మందులు, సిరంజీలు, చీటీల జిరాక్సులు నీళ్లు పోని ఒకే కవర్‌లో కట్టి, చేతికందే చోట తగిలించండి. ఇన్సులిన్‌ను మాత్రం అందులో ఉంచకుండా, వెళ్లేటప్పుడు కుండలోంచి తీసుకోవాలని కవర్ మీదే పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి.