ఆ క్లాస్ ఫైలు నడిచేదాకా మానిపించకండి

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మావాడు బీటెక్ మూడో సంవత్సరం. తెలుగు మాటలతో సొంత ప్రోగ్రామింగ్ భాష చేస్తున్నానని రాత్రుళ్లు దాని మీదే కూర్చుంటున్నాడు. నెలరోజులుగా ‘వెరిఫై ఎర్రర్’ అంటూ దిగులు పడుతున్నాడు. మానిపించి బ్యాంకు కోచింగ్‌లో చేర్చమంటారా?
– ఒక తల్లి

జవాబు: వద్దమ్మా. మీవాడు రాస్తున్నది కంపైలర్. తన భాషలోని ప్రోగ్రామును బైట్‌కోడ్‌గా, అంటే జావా యంత్రానికి అర్థమయ్యే ఆదేశాలుగా మార్చి, జావా ఉన్న ఏ కంప్యూటర్ మీదైనా నడిచే క్లాస్ ఫైలుగా ఇవ్వాలి. కోట్లిన్, స్కాలా అనే ప్రోగ్రామింగ్ భాషల కంపైలర్లు చేసేదీ ఇదే. మీ ఊళ్లో పంతులుగా ఉంటూ గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు, వ్యాకరణం సమకూర్చారు. భాష పట్టుకుని ఏళ్లతరబడి కూర్చునే ఓపిక మీ ఊరికి కొత్త కాదు.

ఇక్కణ్నుంచి అబ్బాయికి ఇవ్వండి.

బాబూ, వెరిఫై ఎర్రర్ అంటే కోడ్‌ను నడిపేముందు జావా సరిచూసి పట్టుకునే తప్పు. అందాకా వచ్చావంటే సగం గెలిచావు. మొదటి నాలుగు బైట్లు గానీ, కాన్‌స్టంట్ పూల్ (ఫైలు వాడే పేర్లు, విలువల పట్టిక) గానీ తప్పితే క్లాస్ ఫార్మాట్ ఎర్రర్‌తో ముందే ఆగిపోయేది. ఫైలు రూపం బాగుంది, లోపలి కోడ్ లెక్క తప్పింది. ఇఫ్‌లు, లూపులు తీసేసి రెండు అంకెలు కలిపే స్టాటిక్ మెథడ్ ఒక్కటి పుట్టించు: ఐలోడ్_0, ఐలోడ్_1, ఐయాడ్, ఐరిటర్న్. నాలుగంటే నాలుగే బైట్లు. మాక్స్ స్టాక్, అంటే లెక్క మధ్యలో విలువలు పేర్చే స్టాక్‌కు కావలసిన చోటు, 2 అని రాయి. 1 రాస్తే ఇదే ఎర్రర్ వస్తుంది. అది నడిచిందా, తప్పు ఇఫ్‌లు, లూపులు పుట్టించే జంపుల దగ్గర ఉండొచ్చు. జావా 7 నుంచి, అంటే క్లాస్ ఫైలు వెర్షన్ 51 నుంచి, జంప్ వెళ్లి వాలే ప్రతిచోటా స్టాక్‌లో, లోకల్స్‌లో (మెథడ్ సొంత వేరియబుల్స్‌లో) ఏ టైపులున్నాయో స్టాక్ మ్యాప్ ఫ్రేముల్లో చెప్పి తీరాలి. అదే ప్రోగ్రామును జావాలో రాసి కంపైల్ చేసి, రెండు ఫైళ్లనీ జావాతో వచ్చే జావాప్ అనే పనిముట్టుతో విప్పి పక్కపక్కన పెట్టి చూడు. బైట్‌కోడ్ రాసిపెట్టే ఏఎస్ఎం లైబ్రరీ అడిగితే ఫ్రేములు తనే లెక్క కడుతుంది. కానీ ఒక్క ఇఫ్‌కైనా చేత్తో రాశాక దాన్ని వాడు.

అమ్మా, ఉద్యోగం సంగతి. కంపైలర్ బృందాలు బెంగళూరు, హైదరాబాద్‌లలో ఉన్నాయి, బీటెక్ అవగానే తీసుకునేవి తక్కువ. గేట్ రాసి ఎంటెక్ చేస్తే దారి విశాలం. గేట్ కంప్యూటర్ సైన్స్ సిలబస్‌లో కంపైలర్ డిజైన్ ఉంది. క్యాంపస్ సెలక్షన్లకు ఆప్టిట్యూడ్, ఆల్గారిథమ్స్ కావాలి, వాటికి పొద్దున గంటన్నర కేటాయించమనండి. రాత్రి మాత్రం వాడిది. ఆ ఫైలు నడిచిన రోజు నాకూ ఒక ముక్క రాయమనండి.