ముందు ఖాళీ ఛాంబర్, తర్వాతే ఫోన్

చిరంజీవికి ఆశీస్సులు.

వైర్‌లెస్ టెస్ట్ ల్యాబ్‌లో చేరుతున్నావని విని చాలా సంతోషమేసింది. బయట ఉండే సిగ్నల్ పరిస్థితులను ఛాంబర్‌లోకి, అంటే పరీక్షలు చేసే మూసిన గదిలోకి, ఎలా తేవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగావు. ఖాళీ ఛాంబర్‌తో మొదలుపెట్టమ్మా. కొత్తగా వచ్చినవాళ్లందరికీ ఫోన్ లోపల పెట్టేసి త్రూపుట్, అంటే డేటా వేగం, ఎంతొస్తుందో చూడాలని తొందర ఉంటుంది. ఫోన్ చుట్టూ మనం పుట్టించిన రేడియో తరంగాల క్షేత్రం సరైనదో కాదో తెలియకుండా వచ్చిన అంకెను నేనైతే నమ్మను.

బయట సిగ్నల్ ఒకే దారిలో రాదు. గోడలకు, వాహనాలకు, నేలకు తగిలి ఎన్నో వైపుల నుంచి కాస్త వెనకా ముందుగా వస్తుంది. ఆ తరంగాలు ఒకచోట కలిసి బలపడతాయి, పక్కనే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. 2.6 గిగాహెర్ట్జ్‌లో తరంగదైర్ఘ్యం సుమారు 11.5 సెంటీమీటర్లే. ఫోన్‌ను బెత్తెడు దూరం జరిపితే చాలు, సిగ్నల్ 20 డెసిబెల్స్ పడిపోవచ్చు. ఇదే ఫేడింగ్. తరంగాలను పీల్చేసే అబ్జార్బర్లు పరిచిన ఛాంబర్‌లో ఇవేవీ ఉండవు కాబట్టి అన్నీ మనమే పుట్టించాలి. సెల్ టవర్‌లా పనిచేసే బేస్ స్టేషన్ ఎమ్యులేటర్ ఇచ్చిన సిగ్నల్‌ను ఛానెల్ ఎమ్యులేటర్ చాలా దారులుగా విడగొట్టి, ఒక్కోదానికి ఆలస్యం, బలం, డాప్లర్ (కదలిక వల్ల ఫ్రీక్వెన్సీలో వచ్చే మార్పు) కలిపి, ఫోన్ చుట్టూ వలయంగా ఉన్న ప్రోబ్‌లకు, అంటే సిగ్నల్ పంపే యాంటెన్నాలకు, పంపుతుంది.

దీనివల్ల ఫలానా వీధి అచ్చంగా లోపలికి వచ్చేస్తుందని అనుకోవద్దు. వచ్చేది అలాంటి వీధుల్లో సగటున సిగ్నల్ ఎలా ప్రవర్తిస్తుందన్న లెక్క మాత్రమే. ఆ లెక్కలు మొబైల్ ప్రమాణాలు రూపొందించే త్రీజీపీపీ వారి టీఆర్ 38.901 పత్రంలో ఉన్నాయి, మొదటి వారంలోనే చదువు. అందులో టీడీఎల్ మోడల్స్‌కు ఆలస్యాలు, డాప్లర్ ఉంటాయి కానీ దిక్కులు ఉండవు. కేబుల్ కలిపి చేసే పరీక్షకు అవి చాలు. యాంటెన్నాలతో సహా ఫోన్‌ను పరీక్షించాలంటే సిగ్నల్ ఏ కోణంలో వస్తుందో చెప్పే సీడీఎల్ మోడల్స్ కావాలి. వాటిలో ఏ, బీ, సీలు నేరుగా కనిపించే దారి లేనివి. డీ, ఈలు ఉన్నవి.

ఇక కాలిబ్రేషన్, అంటే ఛాంబర్‌ను సరిచూసుకోవడం. ముందు ఒక్కో ప్రోబ్ దారిలో ఎంత నష్టం ఉందో, తెలిసిన రిఫరెన్స్ యాంటెన్నాతో రెండు పోలరైజేషన్లలోనూ (తరంగం నిలువుగా ఊగేది, అడ్డంగా ఊగేది) కొలువు. తర్వాత మోడల్ నడిపించి నాలుగు సంగతులు చూడు: ఏ ఆలస్యంలో ఎంత పవర్ వస్తోంది, డాప్లర్ సరిగ్గా ఉందా, రెండు పోలరైజేషన్ల నిష్పత్తి ఎంత, స్థలాన్ని బట్టి కోరిలేషన్ (రెండు చోట్ల సిగ్నళ్లు ఎంత ఒకేలా ఉన్నాయన్నది) ఎలా మారుతోంది. చివరిది విసుగు పుట్టించే పని. డైపోల్ యాంటెన్నాను కొద్దికొద్దిగా జరుపుతూ ప్రతిచోటా కొలవాలి. అయినా దాన్ని వదిలెయ్యకు. మైమోలో, అంటే ఒకేసారి ఒకటికి మించి యాంటెన్నాలు వాడే పద్ధతిలో, రెండు యాంటెన్నాలకు అందే సిగ్నళ్లు ఒకేలా ఉంటే రెండు డేటా ధారలు విడివడవు, వేగం పడిపోతుంది. అంటే ఆ కోరిలేషన్ తప్పయితే ఫోన్ మంచిదో కాదో తేల్చే ఆధారమే తప్పు. ఇంకోటి, ప్రోబ్‌లు తక్కువైతే క్షేత్రం నమ్మదగినట్టుగా ఉండే చోటు చిన్నదవుతుంది. ఎనిమిది ప్రోబ్‌ల వలయంలో అది సుమారు ఒక తరంగదైర్ఘ్యం మించదు. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఇంకా కుంచించుకుపోతుంది. లోపల పెట్టే పరికరం అందులో పడుతుందో లేదో చూసుకో.

ఫోన్ పెట్టే రోజు వచ్చాక కేబుళ్లతో జాగ్రత్త. ఛార్జింగ్ వైరు తగిలించి ఉంచితే ఆ వైరే యాంటెన్నాలో భాగమైపోతుంది. బ్యాటరీ మీదే నడిపించు. టర్న్‌టేబుల్‌ను 30 డిగ్రీల చొప్పున తిప్పితే 12 స్థానాలు వస్తాయి, ఒక్కో స్థానంలోనూ కొలవాలి. ఎంతసేపు కొలవాలన్నది వేగాన్ని బట్టి ఉంటుంది. 2.6 గిగాహెర్ట్జ్‌లో గంటకు 30 కిలోమీటర్లకు డాప్లర్ సుమారు 72 హెర్ట్జ్, 3 కిలోమీటర్లకు ఏడే. నడక వేగంలో ఫేడ్లు అంత మెల్లగా వస్తాయి కాబట్టి సగటు నిలకడగా రావాలంటే పది రెట్లు ఎక్కువసేపు ఆగాలి. టెస్ట్ త్వరగా ముగించమని ఒత్తిడి వస్తుంది. టెన్షన్ పడకుండా ఈ లెక్క చూపించి సమయం అడుగు.

లోహపు గోడలు, తిరిగే రెక్కలు ఉండే రివర్బరేషన్ ఛాంబర్ కూడా మీ ల్యాబ్‌లో ఉండొచ్చు. రెండు డిజైన్లను త్వరగా పోల్చుకోవడానికి అది చాలా బాగుంటుంది. కానీ సగటున అన్ని దిక్కుల నుంచీ సమానంగా సిగ్నల్ వస్తుంది కాబట్టి, దిక్కును బట్టి మారే ప్రశ్నలకు దాని దగ్గర జవాబు దొరకదు.

మొదటి కోరిలేషన్ గ్రాఫ్ గీశాక సిద్ధాంతపు గీత పక్కన పెట్టి నాకు పంపు. ఎక్కడ తేడా వస్తోందో ఇద్దరం కలిసి చూద్దాం.

నీ బాబాయి