చెవి కప్పు తీయకుండానే వినడం: శిక్షణకు వెళ్తున్న మేనల్లుడికి లేఖ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ప్రత్యేక దళం శిక్షణకు ఎంపికయ్యావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా సంతోషించాను. ఎలక్ట్రానిక్ ఇయర్ మఫ్ (చెవులను మూసి కాపాడే కప్పుల జత) ఒకటి సొంత డబ్బుతో కొనుక్కోవాలనుకుంటున్నావనీ, ఏది కొనాలో నన్ను అడిగి చెప్పమన్నావనీ కూడా చెప్పింది. ఏది కొనాలన్నదానికి జవాబు చిన్నదే. ఎలా వాడాలన్నది మాత్రం ఫోనులో తేలే విషయం కాదు. ఉద్యోగ జీవితమంతా ఫైరింగ్ రేంజిలలో ఆయుధ శిక్షకుడిగా గడిపి, నాతో పనిచేసినవారిలో ఎంతోమంది పదవీ విరమణ నాటికి మనవల మాటలు సరిగా వినలేని స్థితికి చేరడం కళ్లారా చూసినవాణ్ణి కనుక, తీరికగా కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా శబ్దం సంగతి. తుపాకీ మోత లాంటి క్షణికమైన శబ్దానికి 140 డెసిబెల్స్‌ను ప్రమాదపు గీతగా చాలా దేశాల సైన్యాలూ, వృత్తి ఆరోగ్య సంస్థలూ తీసుకుంటాయి. పాయింట్ 22 రైఫిల్ ఆ గీత దరిదాపుల్లో ఉంటుంది. 9 ఎంఎం పిస్టలూ, 5.56 రైఫిలూ సుమారు 155 నుంచి 165 వరకు వెళ్తాయి. డెసిబెల్ కొలతలో ప్రతి పది అంకెలకూ శబ్ద తీవ్రత పది రెట్లు పెరుగుతుందన్నది గుర్తుంటే, 140కీ 160కీ మధ్య ఉన్నది వంద రెట్ల తేడా అని నీకే తెలుస్తుంది. లోపలి చెవిలో శబ్దాన్ని నాడీ సంకేతంగా మార్చే సన్నని రోమకణాలు ఒకసారి చనిపోతే మనిషిలో మళ్లీ పుట్టవు. దెబ్బ మొదట పడేది హెచ్చు పౌనఃపున్యం ఉన్న, అంటే కీచుమనే, ధ్వనుల మీద, ముఖ్యంగా 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల. అందువల్ల మాట వినబడుతూనే ఉంటుంది కానీ స, ష, త, ఫ లాంటి అక్షరాలు స్పష్టంగా తెలియవు. ఎదుటివాళ్లు నోట్లో నోట్లో మాట్లాడుతున్నారని మనిషి అనుకుంటాడు తప్ప తన వినికిడి పోతోందని అనుకోడు. కుడిచేతి వాటంగా రైఫిల్ కాల్చేవారిలో ఎడమ చెవి ముందుగా, ఎక్కువగా దెబ్బతింటుంది. బట్టుకు (రైఫిల్ వెనక భాగానికి) చెంప ఆనించినప్పుడు ఆ చెవి గొట్టం మూతివైపు తిరిగి ఉంటుంది, కుడి చెవికి తల అడ్డుగా నిలుస్తుంది.

మన రేంజిలలో ఇప్పటికీ చెవిలో దూది పెట్టుకుని కాల్చేవారు కనిపిస్తారు. దూది ఆపేది అతి స్వల్పం. పైగా ఏదో రక్షణ ఉన్నదన్న భ్రమ కలిగిస్తుంది. ఖాళీ తూటా గొట్టాలు చెవిలో దోపుకోవడం అంతకన్నా చెడ్డ అలవాటు. ఎవరు చేస్తున్నా నీవు చేయవద్దు.

ఇక ఎలక్ట్రానిక్ ఇయర్ మఫ్ ఎలా పనిచేస్తుందో సరిగా అర్థం చేసుకో, ఎందుకంటే వాడకంలో జరిగే పొరపాట్లన్నీ ఇక్కడి అపార్థం నుంచే పుడతాయి. తుపాకీ మోతను ఆపేది అందులోని సర్క్యూట్ కాదు. చెవిని పూర్తిగా మూసే గట్టి కప్పు, దాని అంచున తలకు అంటుకునే మెత్త, ఈ రెండే ఆపుతాయి. సర్క్యూట్ చేసే పని వేరు: బయటి మైకులు అందుకున్న చిన్న శబ్దాలను లోపలి స్పీకర్ల ద్వారా చెవికి వినిపిస్తుంది, పెద్ద శబ్దం రాగానే ఆ వినిపించడాన్ని సుమారు 82 డెసిబెల్స్ దగ్గర కట్టడి చేస్తుంది. పాత రకాలలో మోత వచ్చినప్పుడల్లా మైకులు పూర్తిగా ఆగిపోయేవి. పక్కన నలుగురు కాలుస్తూ ఉంటే శిక్షకుడి ఆజ్ఞ ముక్కలు ముక్కలుగా వినిపించేది. ఇప్పటి మంచి పరికరాలు శబ్దాన్ని తెగ్గొట్టకుండా అణచి ఇస్తాయి కనుక కాల్పుల మధ్యలో కూడా మాట అందుతుంది. కొనేటప్పుడు ఈ తేడా తప్పక అడుగు. ఎన్ని మిల్లీసెకన్లలో స్పందిస్తుందన్న ప్రకటనలను అంతగా పట్టించుకోనక్కరలేదు. మొదటి దెబ్బను ఎలాగూ కప్పే కాయాలి. సంగీతం వినడానికి అమ్మే నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్లు విమానం ఇంజను హోరు లాంటి నిలకడైన శబ్దం కోసం చేసినవి, వాటిని రేంజికి తేవద్దు.

కప్పే అంతా చేస్తుంటే ఎలక్ట్రానిక్స్ కోసం అదనపు ఖర్చు ఎందుకని నీవు అడగవచ్చు. తీయవలసిన అవసరం లేకుండా చేయడం కోసం. మామూలు ఇయర్ మఫ్ పెట్టుకున్నవాడికి ఆజ్ఞ వినబడదు. వినడానికి ఒక కప్పు పైకి ఎత్తుతాడు. సరిగ్గా అప్పుడే పక్క ఫైరింగ్ పాయింటు నుంచి ఒక తూటా పేలుతుంది. నేను చూసినంతలో చెవులు పాడైనది ఎక్కువగా అలాంటి క్షణాల్లోనే. గాలింపు పనిలో ఈ చిక్కు ఇంకా తీవ్రం. నల్లమల లాంటి అడవిలో ఎండుటాకుల మీద అడుగు చప్పుడు, ముందు నడిచే సహచరుడి గుసగుస వినబడి తీరాలి కనుక అక్కడ ఎవడూ మామూలు మఫ్ పెట్టుకోడు, చెవులు తెరిచే నడుస్తాడు, ఎదురుకాల్పులు మొదలైతే తుపాకులన్నిటి మోతా తెరిచిన చెవులతోనే భరిస్తాడు. వినికిడినీ రక్షణనూ ఒకదాని కోసం మరొకటి వదులుకోకుండా రెండింటినీ ఒకేసారి ఇవ్వగలగడమే ఈ పరికరం గొప్పతనం. అందుచేత, నీవు కొనే వస్తువు ఏదైనా సరే, ‘దీన్ని తీయకుండా నా పనంతా చేయగలనా’ అన్న ఒక్క ప్రశ్నతో దాన్ని పరీక్షించు.

పెట్టె మీద ఎన్‌ఆర్‌ఆర్ అనే అంకె ఉంటుంది, శబ్దాన్ని ఎన్ని డెసిబెల్స్ తగ్గిస్తుందో చెప్పేది అదే. ఎలక్ట్రానిక్ మఫ్‌లలో చాలావాటికి అది 22 నుంచి 25 మధ్య ఉంటుంది. యూరప్ పెట్టెల మీద ఎస్‌ఎన్‌ఆర్ అని రాస్తారు. దానిని కొలిచే పద్ధతి వేరు, సాధారణంగా అంకె కొంత ఎక్కువగా కనిపిస్తుంది, కనుక ఒకదానితో మరొకదాన్ని పోల్చవద్దు. ఈ అంకెలు ప్రయోగశాలలో వచ్చినవి. నిజజీవితపు వాడకానికి ఇయర్ మఫ్ అంకెలో నాలుగో వంతు, ఫోమ్ ప్లగ్ అంకెలో సగం తగ్గించి లెక్కించమని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 1998లో చెప్పింది. 160 డెసిబెల్స్ మోతలోంచి 22 తీసేసినా మిగిలేది ప్రమాదపు గీతకు ఆనుకునే ఉన్నదంటే, మఫ్ ఒక్కటే చాలదన్నమాట.

కాబట్టి పైకప్పు ఉన్న రేంజిలో, గదుల్లో ప్రవేశించే అభ్యాసంలో, మజిల్ బ్రేక్ (వెనక్కి తన్నడం తగ్గించడానికి గొట్టం మూతికి బిగించే భాగం) ఉన్న రైఫిల్ పక్కన, స్టన్ గ్రెనేడ్లు (పెద్ద మోత, మెరుపుతో దిమ్మతిరిగేలా చేసేవి) వాడే చోట లోపల ఫోమ్ ప్లగ్ పెట్టుకుని దానిపైన ఎలక్ట్రానిక్ మఫ్ పెట్టుకో. స్టన్ గ్రెనేడ్ మోత 170 డెసిబెల్స్ దాకా వెళ్తుంది. గోడల మధ్య పేలిన ఏ శబ్దమైనా తిరిగి తిరిగి కొడుతుంది. రెండూ కలిసినప్పుడు వాటి అంకెలు కూడవు. పెద్ద అంకెకు మరో 5 డెసిబెల్స్ చేరతాయని లెక్క వేసుకుంటే చాలు. తల ఎముకల గుండా కూడా శబ్దం లోపలి చెవికి చేరుతుంది కనుక ఎంత పేర్చినా ఒక హద్దు దాటి రక్షణ పెరగదు. ప్లగ్ ఉంటే ఆజ్ఞలు వినబడవేమోనని సందేహించకు, మఫ్ వాల్యూమ్ పెంచితే ప్లగ్ గుండా కూడా మాట చక్కగా అందుతుంది. నా దగ్గర శిక్షణ పొందినవారిలో ఈ పద్ధతి ఒకసారి చూసినవారు మళ్లీ వదల్లేదు.

ఫోమ్ ప్లగ్ పెట్టడం చేతకాకపోతే అది ఉన్నా లేనట్టే. శుభ్రమైన వేళ్లతో సన్నగా, ముడతలు లేకుండా చుట్టి, రెండో చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి తోసి, అది ఉబ్బేవరకు అర నిమిషం వేలితో నొక్కి ఉంచాలి. సరిగా పెడితే నీ గొంతు నీకే బావిలోంచి వచ్చినట్టు బొంగురుగా వినిపిస్తుంది. చెవిలో సరిగా కూర్చోవడం ఎంత ముఖ్యమో అమెరికాలో త్రీఎం కంపెనీ మీద నడిచిన దావాలు చూస్తే తెలుస్తుంది. సైనికులకు ఇచ్చిన ఒక రకం ఇయర్ ప్లగ్ పొడవు చాలక, పెట్టుకున్నవారికి తెలియకుండానే వదులైపోయేదని వేలాదిమంది మాజీ సైనికులు ఫిర్యాదు చేశారు. కంపెనీ తప్పు ఒప్పుకోకుండానే 2023 ఆగస్టులో సుమారు 600 కోట్ల డాలర్లకు రాజీపడింది. అవి ఎలక్ట్రానిక్ ప్లగ్‌లు కావు. కానీ కొద్దిపాటి సందు ఎంత నష్టం చేయగలదన్న ప్రశ్న రెండింటికీ ఒకటే.

మఫ్‌కు ఆ సందు ఎక్కడెక్కడ పడుతుందో చెబుతాను. కళ్లద్దాల కాడలు మందంగా ఉంటే మెత్త పైకి లేస్తుంది. సన్నని, చదునైన కాడలున్న అద్దాలు తీసుకో, వీలైతే జెల్ మెత్తలు వేయించు. టోపీ అంచు, మాస్కు తాడు, చెవుల మీదికి పెరిగిన జుట్టు, ఏదీ మెత్త కింద ఉండకూడదు. అన్నిటికన్నా ఎక్కువగా గమనించవలసింది రైఫిల్ బట్టు. చెంప ఆనించగానే కప్పు కింది అంచు బట్టుకు తగిలి మఫ్ పక్కకు జరుగుతుంది. నిలబడి ఉన్నప్పుడు బాగానే ఉన్నది కాల్చే క్షణంలోనే తెరుచుకుంటుంది. అందుకే దుకాణంలో తలకు పెట్టి చూస్తే సరిపోదు. ఖాళీ ఆయుధం అని ఇద్దరు చూసి నిర్ధారించుకున్నాక, పడుకుని, మోకాలిపైన, నిలబడి, మూడు భంగిమల్లోనూ గురిపెట్టి చూడు. కింది అంచు పలచగా కోసినట్టుండే కప్పులు రైఫిల్‌కు అనువు. తర్వాత స్విచ్ ఆపి, రెండు కప్పులనూ అరచేతులతో లోపలికి నొక్కు. నొక్కినప్పుడు బయటి శబ్దం ఇంకా బాగా తగ్గితే సందు ఉన్నదని అర్థం.

మీ దళంలో బుల్లెట్‌ప్రూఫ్ పట్కా (తలపాగాలా తల చుట్టూ కట్టే రక్షణ కవచం) ఇస్తారో, హెల్మెట్ ఇస్తారో ముందు కనుక్కో. తలపై బద్దీ ఉండే మఫ్ పట్కాతో ఇమడదు. మెడ వెనక బద్దీ ఉన్నదో, చెవి లోపల పెట్టుకునే ఎలక్ట్రానిక్ ప్లగ్గో కావాలి. పక్కన రైలు (పరికరాలు బిగించే పట్టీ) ఉన్న హెల్మెట్ అయితే దానికి బిగించే కప్పులు దొరుకుతాయి, కానీ వాటిలో నొక్కు బలం సరిగా కుదిరిందో లేదో ప్రతిసారీ చూసుకోవాలి. రేడియో సెట్టు కలపవలసి ఉంటే తీగ, మాట్లాడే బటన్ రెండూ మీ దళం సెట్టుకు సరిపోయేవే ఉండాలి. ఈ సంగతి తేలకుండా ఖరీదైనది కొనవద్దు.

వాల్యూమ్‌ను మఫ్ లేనప్పుడు వినబడినంత స్థాయిలోనే ఉంచు. ఎక్కువ పెంచితే నీ బట్టల రాపిడి, గాలి హోరు ముంచేసి దూరపు చప్పుడు దాగిపోతుంది. రెండు వైపులా సమానంగా ఉందో లేదో చూసుకోవడం మరీ ముఖ్యం. శబ్దం ఏ దిక్కు నుంచి వచ్చిందో మెదడు రెండు చెవులకూ అది చేరిన సమయంలోనూ బలంలోనూ ఉన్న తేడాతో కనిపెడుతుంది. ముందా వెనకా, పైనా కిందా అన్నది చెవి డొప్ప మడతల వల్ల తెలుస్తుంది. కప్పు ఆ డొప్పను మూసేస్తుంది కనుక ఎంత మంచి మఫ్ అయినా ముందు వెనకల విషయంలో మనిషిని తికమక పెడుతుంది. కళ్లు మూసుకుని నిలబడి, సహచరుణ్ణి చుట్టూ తిరుగుతూ చిటిక వేయమని, చిటిక వచ్చిన దిక్కును వేలితో చూపించు. తప్పులు తగ్గేవరకు రోజూ కాసేపు సాధన చేయి. అనుమానం వచ్చినప్పుడు తలను కొద్దిగా పక్కకు తిప్పి మళ్లీ వినడం అలవాటు చేసుకో. ఈ అభ్యాసం లేకుండా నేరుగా గాలింపుకు పెట్టుకుని వెళ్లడం ప్రమాదం.

బ్యాటరీ అయిపోయినా కప్పు రక్షణ పోదు, వినికిడి మాత్రమే పోతుంది. అప్పుడు మనిషి కప్పు ఎత్తుతాడు, మళ్లీ మొదటి ప్రమాదమే. అందుకే జేబులో కొత్త బ్యాటరీల జత ఎప్పుడూ ఉండాలి, చీకట్లో తడిమి మార్చడం చేతికి రావాలి. కొన్ని నమూనాలు కొన్ని గంటల తర్వాత వాటంతట అవే ఆగిపోతాయి. నీది అలాంటిదైతే సుదీర్ఘమైన కాపలాలో ఇది గుర్తుంచుకో. వాడనప్పుడు బ్యాటరీలు తీసి పెట్టు. మన ఎండలకు చెమట లోపలికి దిగి మైకుల్నీ బ్యాటరీ గదినీ తినేస్తుంది, కోస్తా తేమ అయితే చెప్పనక్కరలేదు. పొడి గుడ్డతో తుడిచి, సిలికా జెల్ పొట్లం వేసిన డబ్బాలో ఉంచు. ఎండలో నిలిపిన వాహనంలో వదలకు. మెత్తలు గట్టిపడినా పగిలినా వెంటనే మార్చు. రోజూ వాడేవాటికి ఆరునెలలకోసారి మార్చడం మంచిది.

మీ చెల్లెలు రైఫిల్ క్రీడ నేర్చుకుంటోంది కనుక ఆమెకొక మాట చెప్పు. ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య) పోటీల్లో ఆటగాళ్లు శబ్దాన్ని అందుకునే పరికరమున్న చెవిరక్ష పెట్టుకోకూడదు. ఆమె మామూలు మఫ్‌తోనే సాధన చేయాలి.

చివరగా, శిక్షణలో చేరకముందే మంచి ఆడియాలజిస్టు (వినికిడి నిపుణుడు) దగ్గర ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష పటం, తీయించుకో. 8000 హెర్ట్జ్ దాకా పరీక్షించమను, 3000, 6000 దగ్గర కూడా చూడమని అడుగు. ఆ తర్వాత ఏడాదికోసారి తీయించి మొదటి కాగితంతో పోల్చు. పరీక్షకు ముందు రోజు కాల్పులకు వెళ్లకు. ఎప్పుడైనా ఫైరింగ్ తర్వాత చెవిలో గుయ్‌మని మోత మొదలై మర్నాటికి కూడా తగ్గకపోయినా, ఒక చెవి మూసుకుపోయినట్టు అనిపించినా, సెలవు దొరికినప్పుడు చూద్దామనుకోకుండా అదే రోజు ఈఎన్‌టీ డాక్టరు దగ్గరకు వెళ్లు. ఇలాంటి దెబ్బకు మందులు పనిచేసే అవకాశం మొదటి కొద్ది రోజుల్లోనే ఎక్కువ. వెళ్లినందుకు ఎవరైనా నిన్ను పిరికివాడంటే అననీ.

మీకు ఇవ్వబోయేది పట్కానో హెల్మెటో, దాని రకం, రేడియో సెట్టు ప్లగ్ ఆకారం తెలియగానే ఫోటో తీసి పంపు. వాటికి సరిపోయే నమూనాలు రెండు మూడు చూసి చెబుతాను. అంతవరకు డబ్బు ఖర్చుపెట్టవద్దు.

మీ అమ్మానాన్నలకు నా నమస్కారాలు, ఆశీస్సులు.

ఇట్లు,
మీ మామయ్య