ఫొటోలు తీయబోతున్న చిట్టికి

చిట్టీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోను చేశాడు. నీ పీహెచ్‌డీ అంశం ఖాయమైందట. జగిత్యాల వైపు పల్లెల్లో ఆరు నెలలు ఉంటావట. గల్ఫ్‌కు వెళ్ళినవాళ్ళ ఇళ్ళలో ఉన్న ఫొటోలు చూస్తూ, కొత్తవి తీస్తూ, వాటి ఆధారంగా ఆడవాళ్ళతో మాట్లాడతావట. "అంతా నీ పోలికే" అన్నాడు వాడు, కాస్త నిష్ఠూరంగానే. నాకు మాత్రం కడుపు నిండింది. ఫోను పెట్టేశాక నిద్ర పట్టలేదు, తెల్లవారుజామునే లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. అనుమతి పత్రం తెలుగులో రాసుకో, చదవడం రానివాళ్ళకు చదివి వినిపించు. ఫోనులో లొకేషన్ ఆపెయ్యి, లేకపోతే ఆ ఇల్లు ఎక్కడుందో ప్రతి ఫొటోలోనూ నమోదై ఉంటుంది. ఏ రోజు ఫొటోలు ఆ రోజే రెండు చోట్ల దాచు.

నోట్సు రాయడంలో మాత్రం బద్ధకించకు. 1936లో గ్రెగరీ బేట్సన్, మార్గరెట్ మీడ్ అనే ఇద్దరు మానవ శాస్త్రవేత్తలు బాలి ద్వీపానికి వెళ్ళి దాదాపు 25,000 ఫొటోలు తీశారు. 1942లో అచ్చువేసినవి 759. ఆయన కెమెరా పట్టుకుంటే ఆమె పక్కనే కూర్చుని ఏం జరుగుతోందో రాసుకునేది. ఆ ఫొటోల విలువ చాలావరకు ఆ రాతలదే. నీ పక్కన రాసేవాళ్ళు ఎవరూ ఉండరు కాబట్టి, ఎంత అలసిపోయినా ఆ రాత్రే రాసుకోవాలి. ఫొటోకు ముందు ఏం జరిగింది, నువ్వు కెమెరా తీయగానే ఎవరు లేచి లోపలికి వెళ్ళిపోయారు, ఎవరు చీర సర్దుకున్నారు, అన్నీ.

బతుకుతెరువు అంటే బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి అని అక్కడివాళ్ళు ఊరికే అనరు. దాదాపు ఇరవై ఏళ్ళ క్రితం నేనూ ఆ వైపు కొన్ని ఇళ్ళకు వెళ్ళాను. ఒక ఇంట్లో భర్త పంపిన ఫొటో గోడకు వేలాడుతోంది. నల్ల కళ్ళద్దాలు, వెనక తెల్లటి కారు, దూరంగా ఎత్తయిన మేడలు. మేమంతా కారు గురించే అడిగాం. ఆమె కొంగుతో అద్దం తుడిచి, కింద మూలన వేలు పెట్టి చూపించింది. ఆయన కాళ్ళకు ఉన్నవి ఊరి నుంచి వేసుకెళ్ళిన చెప్పులే. తెగిన పట్టీ కుట్టించుకున్నాడు. బాగానే సంపాదిస్తున్నానని ఉత్తరాల్లో రాసేవాడట. ఆమె మాత్రం ఆ కుట్టు చూసి, ఆ నెల కిరాణా కొట్టులో అప్పు పెట్టడం మానేసింది. ఈ సంగతి మా ప్రశ్నల జాబితాతో ఎన్నటికీ బయటపడేది కాదు. అందుకే ఫొటో చేతికిచ్చి "ఇందులో ఏముంది?" అని అడిగి ఊరుకో. అక్కడ వచ్చే మౌనాన్ని నువ్వు నింపకు. నీకు చిన్నప్పటి నుంచీ ఆ తొందర ఉంది.

ఇంకొకటి. నేల మీద కూర్చుని తియ్యి. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో సంఘం ఆడవాళ్ళు వీడియో కెమెరా నేర్చుకున్నప్పుడు, ఎదుటి మనిషి కంటికి సమానంగా పెట్టి తీసేదానికి "సంఘం షాట్" అని పేరు పెట్టుకున్నారు. సంఘంలో అందరూ సమానమే కనుక. నేను చదివిన ఏ పాఠమూ ఇంత సూటిగా చెప్పలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మీ నాన్నకు కూడా పూర్తిగా తెలియదు.

2000 సంవత్సరం. కర్నూలు జిల్లాలో హైబ్రిడ్ పత్తి విత్తనాల చేలల్లో పనిచేసే ఆడపిల్లల గురించి ఒక అధ్యయనానికి వెళ్ళాను. క్రాసింగ్ పని అంటారు. సాయంత్రం మొగ్గ ఒలిచి అందులోని మగ భాగం తీసేయాలి. మర్నాడు పొద్దున్నే ఇంకో రకం మొక్క పువ్వు తెచ్చి పుప్పొడి అద్దాలి. ప్రతి పువ్వుకూ చేత్తోనే. తక్కువ కూలికి వస్తారని ఆడపిల్లల్ని పెట్టుకునేవాళ్ళు. సీజను మొదలవకముందే తండ్రి చేతికి అడ్వాన్సు ముట్టేది.

నా కెమెరాలో 36 ఫొటోల రీలు. ఆచితూచి తీసేదాన్ని. ఒక పొద్దున పదకొండేళ్ళ పిల్ల తల కొంచెం వంచి పువ్వుకు పుప్పొడి అద్దుతోంది. ఏటవాలు ఎండ వేళ్ళ మీద పడింది. పిల్లను అడిగాను, తల్లిని అడిగాను. సరేనన్నారు. తీశాను. నివేదికలో వేసేటప్పుడు పిల్ల పేరు మార్చాను, ఊరి పేరు తీసేశాను, కళ్ళ మీద నల్లపట్టీ వేయించాను. చేయాల్సినవన్నీ చేశాననే అనుకున్నాను. తర్వాత ఆ ఫొటో ఒక పత్రికలో కూడా వచ్చింది. ఎంత పొంగిపోయానో!

ఏడాది తర్వాత ప్రింటు ఇద్దామని ఆ ఊరు వెళ్ళాను. తల్లి మంచినీళ్ళు ఇచ్చింది. కూర్చోమనలేదు. పత్రిక వచ్చిన రోజే ఊరంతా గుర్తుపట్టిందట. పిల్ల వేసుకున్నది అన్న చొక్కా. మోచేతి దగ్గర ఎర్రగుడ్డ మాసిక. ఆ మాసిక ఊళ్ళో అందరికీ తెలుసు. వెనక మోటారు షెడ్డు, పక్కన రెండుగా చీలిన తుమ్మచెట్టు. చేను ఎవరిదో ఎవరూ చెప్పనక్కర్లేదు. మర్నాడే ఆసామి తండ్రిని పిలిచి అడ్వాన్సు తిరిగి కట్టమన్నాడు. అది కట్టడానికి వడ్డీకి అప్పు తెచ్చారు. ఆ అప్పు తీర్చడానికి పిల్లను వేరే ఊరి చేనుకు, అక్కడే ఉండి పనిచేయడానికి పంపారు. అంతకుముందు కనీసం రాత్రికి తల్లి పక్కన పడుకునేది.

ఆ తల్లి గూట్లోంచి పత్రిక ముక్క తీసింది. "కళ్ళు ఎందుకు మూశారమ్మా? దొంగలకు కదా ఇట్లా వేస్తారు" అంది. నా దగ్గర జవాబు లేదు. నేను తెచ్చిన ప్రింటులో నల్లపట్టీ లేదు. చాలాసేపు చూసి పెట్టెలో పెట్టుకుంది.

ఆ మాసిక నేను చూడకపోలేదు. ఫొటోకు అందం తెచ్చిందనుకున్నాను. అచ్చుకు పంపేముందు ఆ ప్రింటు తల్లి చేతికిచ్చి, "ఇది ఎవరు చూడకూడదు? చూస్తే దేన్ని బట్టి గుర్తుపడతారు?" అని అడిగి ఉంటే ఒక్క నిమిషంలో చెప్పేది. చెప్పుల మీద కుట్టును పట్టుకున్న కన్ను అలాంటిదే కదా. తీయడానికి అనుమతి అడిగాను. బయటపెట్టే ముందు మళ్ళీ అడగాలని తోచలేదు.

అందుకే నా భయమంతా ఇప్పుడు నీ ఫొటోల మీద ఉంది. నువ్వు అక్కడ తీసిన ఫొటో, బస్సు కరీంనగర్ చేరేలోపే వాట్సాప్‌లో షార్జా చేరుతుంది. ఆమె కట్టుకున్న కొత్త చీర, వెనక కొత్త ఫ్రిజ్, వాకిట్లో ఎవరిదో బండి. నీకు అవి వెనక ఉన్న సామాను. భర్తకు, అత్తగారికి, అప్పిచ్చినవాడికి ఒక్కొక్కటీ ఒక్కో అనుమానం. దెబ్బలు తినేది ఆమె. నీ ఫోను ఎవరి చేతికీ ఇవ్వకు. తీసిన ప్రతి ఫొటోనూ మొదట ఆమెకే, ఒక్కర్తే ఉన్నప్పుడు చూపించు. వద్దంటే ఆమె కళ్ళ ముందే చెరిపెయ్యి, ఎంత మంచిదైనా సరే. మొదటి రోజు సరేనన్న మనిషి మూడో నెల వద్దనవచ్చు, కాబట్టి మళ్ళీ మళ్ళీ అడుగు. శవపేటికలో తిరిగొచ్చినవాళ్ళ ఇళ్ళూ నీకు తగులుతాయి. పోయినవాళ్ళ ఫొటోలు ఆ ఇంటి ఆడమనిషి తనంతట తాను బయటికి తీస్తే చూడు, నువ్వు అడగకు. ఇందులో నేను ఏ మినహాయింపూ ఒప్పుకోను, మీ గైడు చెప్పినా సరే.

1940లలో ఆదిలాబాద్ గోండుల మధ్య హైమన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్త తీసిన ఫొటోలు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. విలువైనవే. కానీ వాటిలో ఉన్నవాళ్ళ మునిమనవలు వాటిని కంప్యూటర్ తెర మీద వెతుక్కోవాలి. నువ్వు ప్రతి ఇంటికీ ప్రింట్లు వేయించి ఇవ్వు. జగిత్యాలలో స్టూడియోలకు కొదవ లేదు. ఖర్చు నేను పంపుతాను, మొహమాటపడకు.

మీ నాన్నది కోపం కాదు తల్లీ, బెంగ. వారానికోసారి ఫోను చెయ్యి వాడికి. ఎండలో తిరిగేటప్పుడు తలకు గుడ్డ కట్టుకో, నీకు తలనొప్పి త్వరగా వస్తుంది. ఎవరింట్లోనైనా టీ ఇస్తే కాదనకు. మొదటి నెల ఫొటోలు నాకు చూపించాలని తొందరపడకు, ముందు ఆ ఇళ్ళవాళ్ళు చూడాలి. ఈలోపు ఉత్తరాలు రాయి.

నీ అత్త