పిల్లికి క్యాన్సరని ఆలస్యంగా తేలింది, డాక్టరుపై కేసు వేయవచ్చా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. మా పిల్లికి 13 ఏళ్లు. వాంతులు అవుతూ చిక్కిపోతుంటే ఐదు నెలలు ఒక ప్రైవేటు క్లినిక్‌లో చూపించాం. 'వయసు మీద పడింది' అంటూ స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారే తప్ప ఏ పరీక్షా రాయలేదు. మరో డాక్టరు బయాప్సీ చేయించి పేగు లింఫోమా, అంటే ఒక రకం క్యాన్సర్ అన్నారు. పాత క్లినిక్‌కే 40 వేలు అయ్యాయి. రికార్డులు అడిగితే ఇవ్వట్లేదు. కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చమ్మా. ఫీజు తీసుకుని చేసిన పశువైద్యం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద సేవే. ఉచితంగా చూసే ప్రభుత్వ పశువుల ఆసుపత్రి అయితే ఈ దారి ఉండేది కాదు.

అయితే జబ్బు ఆలస్యంగా తేలడం ఒక్కటే నిర్లక్ష్యం కాదు. ముసలి పిల్లుల్లో లింఫోమాకీ, ఐబీడీ అనే పేగు వాపుకీ లక్షణాలు ఒకేలా ఉంటాయి. స్కానింగ్‌లో రెండింట్లోనూ పేగు గోడ మందంగా కనిపించవచ్చు. ముక్క తీసి పరీక్షిస్తేనే ఖాయంగా తెలిసేది. థైరాయిడ్, కిడ్నీ జబ్బులున్నా పిల్లి ఇలాగే చిక్కుతుంది. అవతలి లాయరు ముందు ఎత్తేది ఈ మాటే.

మీ బలం మీరు పంపిన పాత క్లినిక్ మందుల చీటీల్లో ఉంది. బరువు 4.6 కిలోలు, తర్వాత 4.1, ఆ తర్వాత 3.5. మూడింటి కిందా అదే ఇంజెక్షన్. రక్తపరీక్ష గానీ స్కానింగ్ గానీ చేయిద్దామన్న మాటే లేదు. పైగా బయాప్సీకి ముందే స్టెరాయిడ్ ఇస్తే లింఫోమా ఆనవాళ్లు మరుగున పడే ప్రమాదం ఉంది. ఆ సంగతి మీకు చెప్పారా? కేసు ఈ రెండు విషయాల మీదే నడపాలి.

మలేరియాను టైఫాయిడ్ అనుకుని వైద్యం చేసిన హైదరాబాద్ కేసులో, ప్రతిసారీ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా మీరు రెండో డాక్టరు అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకోండి. జబ్బు ఇంత తికమకపెట్టేది కాబట్టి అది లేకుండా వెళ్లొద్దనే నా సలహా.

రికార్డుల కోసం స్పీడ్ పోస్టులో లెటర్ పంపి రసీదు దాచండి. అప్పటికీ ఇవ్వకపోతే కేసు వేశాక వినియోగదారుల కమిషనే తెప్పించగలదు. వాట్సాప్ మెసేజ్‌లు, ఫోన్‌పే రసీదులు చెరపొద్దు.

మీరు ఉండేది ఇక్కడే కాబట్టి విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు, ఆన్‌లైన్‌లోనూ కుదురుతుంది. కట్టిన బిల్లు 5 లక్షల లోపే కాబట్టి కోర్టు ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. మొదటిసారి చూపించిన తేదీ నుంచే లెక్క వేసుకుంటే టెన్షన్ ఉండదు. ఖర్చులతో పాటు మనోవేదనకూ పరిహారం అడగండి. డాక్టరు ప్రవర్తనపై రాష్ట్ర పశువైద్య మండలికి విడిగా ఫిర్యాదు చేయవచ్చు గానీ, అక్కడ డబ్బు రాదు.

వీటన్నిటికంటే ముందు వైద్యం. బయాప్సీ రిపోర్టులో చిన్న కణాల రకమని ఉంటే ప్రెడ్నిసొలోన్, క్లోరాంబుసిల్ మాత్రలతో రెండేళ్లు, అంతకుమించి బతికే పిల్లులు చాలా ఉన్నాయి. పెద్ద కణాల రకం మొండిది, ఆలస్యం చేయొద్దు. ల్యాబ్‌లో ఉన్న స్లైడ్లు, బయాప్సీ బ్లాకు (మైనంలో భద్రపరిచిన పేగు ముక్క) పారేయకుండా ఉంచమని ఈ వారమే రాసివ్వండి. రెండో అభిప్రాయానికీ, కేసుకీ అవి కావాలి.