రోజూ యాపిల్ తింటే నిజంగా మేలు ఉందా? జ్యూస్ తాగినా సరిపోతుందా?

ఈ రెండు ప్రశ్నలతో పాటు తొక్క తీయాలా వద్దా అని కూడా అడిగారు. నేను రెండేళ్లకు పైగా దాదాపు రోజూ తింటున్నాను. నాకు మేలు జరిగింది, కానీ పండును నమిలి తినడం మొదలుపెట్టాకే.

నా సమస్య మలబద్ధకం. నలుగురిలో చెప్పుకోలేం, కానీ ఏళ్ల తరబడి ఉంటే ఎంత నీరసం తెస్తుందో పడినవాళ్లకే తెలుసు. పీచు ఉన్నవి ఎక్కువ తినమని డాక్టర్ చెబితే, రోజూ ఉదయం యాపిల్ జ్యూస్ చేసి, వడగట్టి తాగాను. రెండు నెలలైనా ఏ మార్పూ లేదు. మళ్లీ వెళ్తే ఆవిడ అడిగిన మొదటి మాట, "ఆ పిప్పి ఏం చేస్తున్నారు?" పారేస్తున్నానన్నాను. నాకు కావలసిన పీచంతా దాంట్లోనే పోతోందని అప్పుడు తెలిసింది.

సుమారు 180 గ్రాముల పండును తొక్కతో తింటే 4 గ్రాములకు పైగా పీచు వస్తుంది, కేలరీలు 95 దాకా ఉంటాయి. తొక్క తీస్తే పీచు బాగా తగ్గిపోతుంది. క్వెర్సెటిన్ అనే యాంటీఆక్సిడెంట్ కూడా ఎక్కువగా ఉండేది తొక్కలోనే. కాబట్టి బాగా కడిగి తొక్కతోనే తినండి. పీచులో పెక్టిన్ అనే రకం నీటిని పట్టుకుని జిగురులా మారి మలాన్ని మెత్తబరుస్తుంది, పేగుల్లోని మంచి బ్యాక్టీరియాకు ఆహారమవుతుంది, చెడు కొలెస్ట్రాల్‌ను కూడా కొద్దిగా తగ్గిస్తుంది. నాకు మూడు వారాల్లో తేడా తెలిసింది. అయితే అదే సమయంలో నీళ్లు తాగడం కూడా పెంచాను, ఆ సంగతి దాచను.

నేను ఊహించని ఇంకో లాభం సాయంత్రం ఆకలి దగ్గర కనిపించింది. నాలుగింటికి బిస్కెట్ ప్యాకెట్ తెరిస్తే సగం ఖాళీ అయ్యేది. ఆ టైముకు యాపిల్ తినడం అలవాటయ్యాక రాత్రి భోజనం దాకా ఇబ్బంది లేదు. 2009లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, భోజనానికి ముందు యాపిల్ ముక్కలు తిన్నవాళ్లు ఏమీ తిననప్పటి కంటే మొత్తం మీద 15 శాతం దాకా తక్కువ కేలరీలు తీసుకున్నారు. జ్యూస్ తాగినప్పుడు అంత ఫలితం రాలేదు. నమలడానికి పట్టే సమయం కూడా కడుపు నింపుతుందని నా అనుభవం.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. కోసిన ముక్క గోధుమరంగులోకి మారుతుంది కాబట్టి యాపిల్‌లో ఐరన్ ఎక్కువని చాలామంది నమ్ముతారు. మా అక్క అలాగే నమ్మి, రక్తం తక్కువగా ఉందని ఇచ్చిన మాత్రలు ఆపేసి రోజుకు రెండు పండ్లు తింది. తర్వాతి పరీక్షలో హిమోగ్లోబిన్ ఇంకా పడిపోయింది, ఇంట్లో అందరికీ టెన్షన్. ఆ రంగు ఐరన్ వల్ల వచ్చేది కాదు, పండులోని ఎంజైమ్‌కు గాలి తగిలి వస్తుంది. ఒక పండులో ఐరన్ పావు మిల్లీగ్రాము కూడా ఉండదు. రక్తహీనతకు మందులు వాడుతుంటే దయచేసి ఆపకండి. విటమిన్ సి కోసం కూడా యాపిల్ కంటే నారింజ ఎంతో నయం.

రోజుకో యాపిల్ తింటే డాక్టర్ అవసరమే రాదనే సామెతను కూడా పరీక్షించారు. ఎనిమిది వేలమందికి పైగా పెద్దవాళ్ల వివరాలు చూసిన 2015 నాటి అధ్యయనంలో, మిగతా విషయాలు లెక్కలోకి తీసుకున్నాక డాక్టర్ దగ్గరికి వెళ్లడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

గింజలు నమలకండి. పండు తిన్నాక నోరు పుక్కిలించండి, యాపిల్‌లోని పులుపు దంతాలకు మంచిది కాదు. షుగర్ ఉన్నవాళ్లు జ్యూస్ జోలికి పోకుండా పండే తినడం మంచిది, ఎంత తినాలో డాక్టర్‌ను అడగండి. తరచూ గ్యాస్, పొట్ట ఉబ్బరం ఉన్నవాళ్లకు యాపిల్‌లోని ఫ్రక్టోజ్ అనే చక్కెర, సార్బిటాల్ అనే చక్కెరలాంటి పదార్థం పడకపోవచ్చు. మీకు ఆ బాధ ఉంటే సగం పండుతో మొదలుపెట్టి వారం చూడండి, ఉబ్బరం పెరిగితే వేరే పండుకు మారండి.